ఒకే సిమ్ నెట్, ఇంట్లో నాలుగు కంప్యూటర్లు: పద్ధతిగా పంచుకోవడం ఎలా?

నీలిదీపం
నమస్కారం అందరికీ. మా ఇంటి వరకు ఫైబర్ రాలేదు, వచ్చే సూచనలూ లేవు, అందుకే 4జీ సిమ్ వేసిన యూఎస్‌బీ డాంగిల్‌తో నెట్టుకొస్తున్నాం. డాంగిల్ కింద హాల్లో డెస్క్‌టాప్ వెనకాల పెట్టి ఉంటుంది. విండోస్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ ఆన్ చేసి ఆ డెస్క్‌టాప్ నుంచే మిగతావాటికి ఇస్తున్నాం. మిగతావి అంటే పై గదిలో ఇంకో డెస్క్‌టాప్, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక వైఫై ప్రింటర్. గోల ఏంటంటే కింద డెస్క్‌టాప్ ఆపితే ఇంటిల్లిపాదికీ నెట్ బంద్. అప్‌డేట్ పడి అది రీస్టార్ట్ అయినా అంతే, పైన ఆన్‌లైన్ క్లాసులో ఉన్న పిల్లాడు కేక పెడతాడు. పై గదిలో వైఫై ఒక్క గీత చూపిస్తుంది. సాయంత్రం వీడియో కాల్‌లో అవతలివాళ్ల మొహం ముక్కలు ముక్కలుగా వస్తుంది. రెండో కనెక్షన్ తీసుకునే ఉద్దేశం లేదు, ఉన్న ఒక్కదాన్నే సరిగ్గా పంచుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

తీగలమారి
ముందు ఆ డెస్క్‌టాప్‌ని ఈ డ్యూటీ నుంచి తప్పించండి. షేరింగ్ ఆన్ చేయగానే మీ కంప్యూటరే రూటర్ అవుతుంది. తనకి 192.168.137.1 అని అడ్రస్ పెట్టుకుని, మిగతావాటికి తనే అడ్రస్‌లు ఇచ్చి, వాటి ట్రాఫిక్ అంతా తన పేరు మీద బయటికి పంపిస్తుంది. ఈ సదుపాయం 1999లో విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌తో వచ్చింది. ఇంట్లో ఒక్క మోడెం ఉన్న రోజుల్లో గొప్ప విషయమే, కానీ రోజంతా నలుగురు దాని మీద ఆధారపడితే ఇప్పుడు మీరు చెప్పినట్టే ఉంటుంది. సిమ్ స్లాట్ ఉన్న రూటర్ ఒకటి తీసుకుని, సిమ్ అందులో వేసి, డెస్క్‌టాప్‌ని దాని పని దాన్ని చేసుకోనివ్వండి. కరెంటు కూడా కలిసొస్తుంది, రూటర్ తినేది కొద్ది వాట్లే.

గాలివాటం
కొనమని చెప్పడం తేలికే గురూ. విండోస్ 10, 11లో మొబైల్ హాట్‌స్పాట్ ఉంది కదా, ఒక్క బటన్ నొక్కితే 8 డివైస్‌ల వరకు ఇస్తుంది. ఆ షేరింగ్ సెట్టింగుల తంటా కూడా ఉండదు. నేను అలాగే వాడుతున్నా, బాగానే ఉంది.

తీగలమారి
లోపల జరిగేది అదే పని గురూ, పైన బటన్ మారిందంతే. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్తే హాట్‌స్పాట్ పోతుంది. పైగా డెస్క్‌టాప్ వెనక ఉండే వైఫై కార్డు యాంటెన్నాలు టేబుల్ కింద గోడకి ఆనుకుని ఉంటాయి, క్యాబినెట్ ఇనుము అడ్డం. అక్కడి నుంచి పై గదికి సిగ్నల్ ఎక్కమంటే ఎలా ఎక్కుతుంది? ఒక్కడివే ప్రయాణంలో వాడుకుంటే హాట్‌స్పాట్ బ్రహ్మాండం. ఇంటికి కాదు.

పాతమోడెం
కొనడమా వద్దా అన్నది తర్వాత. నీలిదీపం గారూ, ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో రెండు వేరువేరు సిగ్నళ్లు ఉన్నాయి. టవర్ నుంచి డాంగిల్‌కి వచ్చేది ఒకటి, డాంగిల్ ఉన్న చోటు నుంచి మీ కంప్యూటర్లకి వెళ్లే వైఫై ఇంకోటి. జనం ఈ రెండూ కలిపేసి "సిగ్నల్ లేదు" అంటారు. వైఫై గీతలు నిండుగా ఉన్నా టవర్ సిగ్నల్ చచ్చిపోయి ఉంటే నెట్ రాదు, అవతలిది బాగుండి ఇవతలిది పోయినా రాదు. ఏది పోయిందో తెలియకుండా రూటర్ మార్చి లాభం లేదు.

డాంగిల్ సెట్టింగుల పేజీ తెరిస్తే సిగ్నల్ వివరాలు ఉంటాయి. గీతలు చూడకండి, వాటిని ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ అని రెండు అంకెలు చూడండి. మొదటిది సిగ్నల్ బలం, మైనస్‌లో ఉంటుంది. మైనస్ 80 అంటే చాలా బాగున్నట్టు, మైనస్ 100 అంటే ఫర్వాలేదు, మైనస్ 110 దాటితే కష్టం. రెండోది చుట్టూ ఉన్న గోలలోంచి మన సిగ్నల్ ఎంత స్పష్టంగా వినిపిస్తోందో చెబుతుంది. 20 దాటితే పండగే, 0 దగ్గర ఉంటే స్పీడ్ ఆశించకండి. నా లెక్కలో రెండోదే ముఖ్యం, బలం కాస్త తక్కువున్నా స్పష్టత ఉంటే పని జరుగుతుంది. హాల్లో ఒకసారి, పై గది కిటికీ దగ్గర ఒకసారి, వెనక వైపు గదిలో ఒకసారి చూసి అంకెలు ఇక్కడ పెట్టండి. ల్యాప్‌టాప్‌కి డాంగిల్ పెట్టుకుని తిరిగితే సరిపోతుంది. ప్రతి చోటా ఒక నిమిషం ఆగి చూడండి, అంకెలు ఊగుతుంటాయి.

ఇంకో మాట. డాంగిల్ యూఎస్‌బీ 3 పోర్టులో ఉందా, పక్క పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఏమైనా ఉందా? యూఎస్‌బీ 3 డివైస్‌లు, వాటి కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే పేపర్ రాసింది. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి దూరం జరిపినా తేడా కనిపిస్తుంది.

నీలిదీపం
చూశాను. హాల్లో డెస్క్‌టాప్ వెనక మైనస్ 108, ఎస్‌ఐఎన్‌ఆర్ 2. వెనక గదిలో అంతకన్నా దారుణం. పై గది కిటికీలో మైనస్ 93, ఎస్‌ఐఎన్‌ఆర్ 14! అదే సిమ్, అదే డాంగిల్. హాల్లో డౌన్‌లోడ్ 6, 7 ఎంబీపీఎస్ మధ్య కొట్టుకునేది కిటికీలో 31 చూపించింది. అప్‌లోడ్ కూడా ఒకటి నుంచి తొమ్మిదికి వెళ్లింది. ఇన్నాళ్లూ కంపెనీవాళ్లని తిట్టుకున్నాం.

పాతమోడెం
అదీ సంగతి. ఇప్పుడు రూటర్ కొనండి, కిటికీలో పెట్టండి. అయితే ఎండ నేరుగా తగలని పక్కన పెట్టండి, ఈ డబ్బాలు వేడెక్కితే స్పీడ్ తగ్గించుకుంటాయి, మరీ వేడెక్కితే వాటంతట అవే రీస్టార్ట్ అవుతాయి. కిటికీకి ఇనుప గ్రిల్లు, లోహపు పూత ఉన్న అద్దం ఉంటే ఒక అడుగు ఇటూ అటూ జరిపి అంకెలు చూసుకుంటూ పెట్టండి. కొనేటప్పుడు బయటి యాంటెన్నా తగిలించే సాకెట్లు ఉన్నాయో లేదో చూడండి. ఇప్పుడు అవసరం లేకపోయినా రేపు పనికొస్తాయి. అవి రెండు ఉంటాయి, రెండింటికీ యాంటెన్నా కావాలి, ఒక్కదానికే పెడితే సగం లాభమే.

గాలివాటం
సరే, రూటర్ పైన కిటికీలో పెట్టారనుకుందాం. అప్పుడు కింద హాల్లో డెస్క్‌టాప్‌కి వైఫై రాదు. ఇప్పుడు పైవాళ్లు ఏడుస్తున్నారు, రేపు కిందవాళ్లు ఏడుస్తారు. ఒక రిపీటర్ మెట్ల దగ్గర పెడితే అయిపోతుంది కదా?

రాత్రిషిఫ్ట్
రిపీటర్ మాత్రం వద్దు అన్నా, ప్లీజ్. మా ఇంట్లో ఉంది, పనిచేస్తుంది, కానీ స్పీడ్ సగానికి సగం. ఒకే రేడియో ఉన్న రిపీటర్ ముందు రూటర్ నుంచి వినాలి, తర్వాత అదే మాట మళ్లీ మనకి చెప్పాలి. రెండూ ఒకేసారి చేయలేదు, అదే ఛానెల్లో రెండుసార్లు పంపినట్టు. రెండు బ్యాండ్‌లు ఉన్నది తీసుకుని, 5 గిగాహెర్ట్జ్‌లో రూటర్‌తోనూ 2.4లో మనతోనూ మాట్లాడిస్తే కొంత నయం. అయినా నసే.

తీగలమారి
కేబుల్ లాగండి, గొడవ వదిలిపోతుంది. నా పేరు చూసి ఎలాగూ ఇదే చెబుతానని అనుకుని ఉంటారు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది, ఇంట్లో మెట్ల పక్కనుంచి కిందకి దింపితే ఇరవై మీటర్లు కూడా అవసరం పడదు. కరెంటు వైర్లతో కలిపి ఒకే పైపులో లాగొద్దు, అంతే జాగ్రత్త.

కదలని వాటికి కేబుల్, కదిలేవాటికి వైఫై. డెస్క్‌టాప్ రెండూ కేబుల్ మీదకి వెళ్లిపోతే గాలిలో రద్దీ తగ్గుతుంది. దీని సంగతి చాలామందికి తెలియదు: ఒక ఛానెల్లో వైఫై మీద మామూలుగా ఒకసారికి ఒక్క డివైసే మాట్లాడగలదు, మిగతావి ఆగాలి. దూరంగా ఒక్క గీత మీద వేలాడుతున్న ల్యాప్‌టాప్ ఉందనుకోండి, అది మెల్లిగా మాట్లాడుతుంది, అదే ఫైలుకి పక్కనున్న ల్యాప్‌టాప్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సేపు గాలిని పట్టుకు కూర్చుంటుంది. అంటే రూటర్ పక్కనే కూర్చున్నవాడి స్పీడ్ కూడా దూరంగా ఉన్నవాడి వల్ల పడిపోతుంది. అందుకే బలహీనంగా పట్టుకున్న ఆ ఒక్కదాన్ని కేబుల్ మీదకి మారిస్తే మిగతావన్నీ బాగుపడతాయి. కొత్త రూటర్ కొనకముందే ఇది చేసి చూడాల్సిన పని.

రాత్రిషిఫ్ట్
తీగలమారి అన్నా, ఇక్కడే నా డౌట్ ఒకటి. మా ఇంట్లో పాత ఏడీఎస్‌ఎల్ రోజుల నాటి వైఫై రూటర్ ఒకటి ఖాళీగా ఉంది, దాన్ని కేబుల్ చివర పెట్టాను. నెట్ వస్తోంది. కానీ దానికి తగులుకున్న ల్యాప్‌టాప్ మొదటి రూటర్ వైపున్న కంప్యూటర్‌కి కనిపించదు, ఫైల్ షేరింగ్ లేదు, ప్రింటర్ లేదు. రెండిటి మధ్యా గోడ కట్టినట్టుంది.

తీగలమారి
గోడ నిజంగానే ఉంది. కేబుల్‌ని రెండో దాని వ్యాన్ పోర్టులో, అంటే బయటి నెట్ వచ్చే పోర్టులో, పెట్టి ఉంటావు. అప్పుడది తన వెనక ఇంకో నెట్‌వర్క్ తయారుచేస్తుంది, రెండుసార్లు న్యాట్ (లోపలి అడ్రస్‌లని ఒకే అడ్రస్ వెనక పెట్టి పంపడం) అవుతుంది. ఇలా చెయ్యి: ముందు మొదటి రూటర్ నుంచి కేబుల్ పీకేసి, పాత రూటర్‌ని ఒక్క ల్యాప్‌టాప్‌కే కలిపి దాని పేజీలోకి వెళ్లు. మొదటిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 పెట్టు, ఆ అడ్రస్ మొదటి రూటర్ ఇంకెవరికీ పంచని పరిధిలో ఉండాలి. తర్వాత డీహెచ్‌సీపీ, అంటే అడ్రస్‌లు పంచే పని, ఆపెయ్యి. ఒక ఇంట్లో అడ్రస్‌లు పంచేది ఒక్కటే ఉండాలి, రెండుంటే సగం డివైస్‌లు దారి తప్పుతాయి. చివరగా మొదటి దాని నుంచి వచ్చే కేబుల్‌ని ల్యాన్ పోర్టులోకి, అంటే ఇంట్లో కంప్యూటర్లని తగిలించే పోర్టులోకి, పెట్టు. వ్యాన్ పోర్టు ఖాళీగా ఉంచెయ్. కొన్నిట్లో "యాక్సెస్ పాయింట్ మోడ్" అని ఆప్షనే ఉంటుంది, అది నొక్కితే ఇదంతా అదే చేసుకుంటుంది.

వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండిటికీ ఒకటే పెట్టు, ఛానెల్ మాత్రం వేరు చెయ్యి. 2.4లో 1, 6, 11 ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడవు. కొందరు 3, 4 ఖాళీగా ఉన్నాయని అక్కడ పెడతారు, అప్పుడు 1, 6 రెండిటి గోలా వినాలి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లోనే ఉంచు.

రాత్రిషిఫ్ట్
అయిపోయింది! ప్రింటర్ కనిపిస్తోంది. పోర్టు మార్చడంలోనే ఉందా కిటుకంతా.

చిన్నిమేఘం
చదువుతున్నా, బాగుంది థ్రెడ్. నాదో చిన్న ప్రశ్న. పాత రూటర్లో సెక్యూరిటీ కింద డబ్ల్యూఈపీ ఒక్కటే చూపిస్తుంటే వాడొచ్చా?

పాతమోడెం
వద్దమ్మా. డబ్ల్యూఈపీ తాళం ఎప్పుడో పగిలిపోయింది, నిమిషాల్లో తీసేస్తారు. కనీసం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఉండాలి, డబ్ల్యూపీఏ3 ఉంటే ఇంకా మంచిది. డబ్ల్యూపీఎస్ అనే బటన్ సౌకర్యం కూడా ఆపెయ్యండి, దాని 8 అంకెల పిన్‌ని రెండు ముక్కలుగా ఊహించి పట్టుకోవచ్చని 2011లోనే బయటపడింది. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ఉన్నదే ఉంచే అలవాటు కూడా మానాలి.

నీలిదీపం
అప్‌డేట్. రూటర్ వచ్చింది, కిటికీలో పెట్టాం, కింద డెస్క్‌టాప్‌కి కేబుల్ దింపాం. పగలంతా అద్భుతం. కానీ సాయంత్రం వీడియో కాల్ ఇంకా ఆగిపోతోంది. టవర్ మీద సాయంత్రం రద్దీ అనుకున్నా, కానీ అదే సమయంలో స్పీడ్ టెస్ట్ చేస్తే 24 చూపిస్తోంది. 24 ఉంటే వీడియో కాల్‌కి చాలదా? నా లెక్కకి రెండు మూడు ఎంబీపీఎస్ చాలు కదా.

పాతమోడెం
చాలు. స్పీడ్ కాదు, ఆలస్యం చూడాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8కి పింగ్ (చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని మిల్లీసెకన్లలో చూపేది) వరసగా నడిచేలా పెట్టి, ఆ విండోని పక్కన ఉంచుకుని కాల్ చేయండి. మామూలప్పుడు ఎంత వస్తోంది, కాల్ ఆగినప్పుడు ఎంత వస్తోంది చెప్పండి. ఆ సమయంలో ఇంట్లో ఎవరి ఫోన్ ఏం చేస్తోందో కూడా కనుక్కోండి.

నీలిదీపం
మామూలుగా 45 దగ్గర ఉంటోంది. కాల్ ఆగినప్పుడు 600, 900, ఒకసారి 1400 చూశా! ఇక ఫోన్లంటారా, మా ఆవిడ ఆఫీసు నుంచి రాగానే ఫోన్ వైఫైకి తగులుకుంటుంది, ఆ రోజు తీసిన ఫొటోలు, వీడియోలు అన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడుతుంది. అది ఆపితే పింగ్ వెంటనే 50కి దిగింది.

పాతమోడెం
దొరికింది దొంగ. అప్‌లోడ్ తొమ్మిదే కదా మీకు. ఫోన్ దాన్ని మొత్తం నింపేస్తే రూటర్ మిగతా ప్యాకెట్లని (డేటా చిన్న ముక్కల్ని) పారేయకుండా లైన్లో నిలబెడుతుంది. టికెట్ కౌంటర్ దగ్గర మన ముందున్నాయన పెళ్లిబృందం మొత్తానికీ రిజర్వేషన్ ఫారాలు తీసినట్టు ఉంటుంది, మనకి కావాల్సింది ఒక్క టికెట్టే అయినా నిలబడాల్సిందే. డౌన్‌లోడ్ కూడా దెబ్బతింటుంది, ఎందుకంటే వచ్చిన డేటాకి "అందింది" అని మనం పంపే చిన్న ప్యాకెట్లు కూడా అదే లైన్లో ఇరుక్కుంటాయి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెట్టిస్ అనే ఇంజినీర్ 2010లో తన ఇంటి కనెక్షన్లోనే ఇది గమనించి వెంటపడ్డాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వ్యాన్ జేకబ్‌సన్ కోడెల్ అనే పద్ధతి తెచ్చారు. క్యూ ఎంత పొడవుందని కాకుండా ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందో చూసి కత్తిరిస్తుంది.

మీ రూటర్లో ఎస్‌క్యూఎం గానీ, స్మార్ట్ క్యూ గానీ, అంటే ఈ క్యూని అదుపు చేసే సెట్టింగు, ఉందేమో చూడండి. ఉంటే అప్‌లోడ్‌ని అసలు వచ్చేదానికన్నా పది పదిహేను శాతం తక్కువకి కట్టండి, అంటే మీకు ఏడున్నర, ఎనిమిది.

తీగలమారి
ఒక్క నిమిషం పాతమోడెం గారూ. అది ఫైబర్‌కి సరే. సిమ్ నెట్‌లో అప్‌లోడ్ ఒక గంట తొమ్మిది ఉంటుంది, ఒక గంట మూడు ఉంటుంది. ఎనిమిదికి కట్టి కూర్చుంటే, టవర్ మూడే ఇస్తున్నప్పుడు క్యూ మళ్లీ మోడెంలోనే పేరుకుంటుంది, కట్టినా కట్టనట్టే. మరీ తక్కువకి కడితే బాగున్న సమయంలో నష్టం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రూటర్ సాఫ్ట్‌వేర్‌లో కేక్ అనే క్యూ పద్ధతికి, ఆలస్యాన్ని చూసుకుంటూ పరిమితిని ఎప్పటికప్పుడు మార్చే స్క్రిప్ట్ ఉంది, కానీ అది అందరూ పెట్టుకోగలిగేది కాదు.

పాతమోడెం
ఒప్పుకుంటా. అందుకే సాయంత్రపు కనిష్ఠాన్ని చూసి కట్టమంటాను. ఎలాగూ కాల్స్ చేసేది అప్పుడే.

గాలివాటం
లేదా ఆ ఫోన్లో బ్యాకప్ "ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే" అని పెట్టేస్తే? రాత్రి పడుకునేటప్పుడు ఛార్జింగ్ పెడతారు, అప్పుడు ఎక్కుతాయి. కోడెల్ లేదు, కేక్ లేదు.

తీగలమారి
😀 గాలివాటం గురూ, ఈ థ్రెడ్‌లో బెస్ట్ సలహా ఇదే. నీలిదీపం గారూ, ముందు ఇది చేయండి.

చిన్నిమేఘం
మాది రోజుకి ఇంత డేటా అని లిమిట్ ఉన్న ప్లాన్. నాలుగు కంప్యూటర్లూ ఒకే విండోస్ అప్‌డేట్‌ని విడివిడిగా దింపుకుంటే మధ్యాహ్నానికే డేటా అయిపోతుంది. విండోస్‌లో మీటర్డ్ కనెక్షన్ (డేటాకి లిమిట్ ఉందని చెప్పే సెట్టింగు) అని పెడితే ఆగుతుందా?

రాత్రిషిఫ్ట్
చాలావరకు ఆగుతుంది. సెట్టింగుల్లో ఆ వైఫై పేరు మీద నొక్కితే ఆప్షన్ ఉంటుంది, కేబుల్ కనెక్షన్‌కి కూడా ఉంటుంది. ఇంకోటి, డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంటుంది, ఒక కంప్యూటర్ దింపిన అప్‌డేట్‌ని ఇంట్లో మిగతావి దాని దగ్గరే తీసుకుంటాయి. అందులో "లోకల్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు మాత్రమే" అన్నది ఎంచుకోండి, ఇంటర్నెట్ కూడా కలిపి ఉన్నది ఎంచుకుంటే మన అప్‌లోడ్‌ని ఊళ్లోవాళ్లకి పంచుతుంది. మెలిక ఏంటంటే మీటర్డ్ పెట్టిన కంప్యూటర్ ఈ పంపకంలో దానంతట అది కలవదు. కాబట్టి అప్‌డేట్ల రోజున అన్నిటికీ మీటర్డ్ తీసేసి, ముందు ఒకదాన్ని పూర్తిగా దించనిచ్చి, తర్వాత మిగతావి ఆన్ చేయండి.

అలాగే ప్లాన్ షరతులు చదువుకోండి. కొన్ని ప్లాన్లలో సిమ్‌ని రూటర్లో వాడటానికీ, హాట్‌స్పాట్‌కీ వేరే లిమిట్ ఉంటుంది.

గుడ్లగూబ
ఆలస్యంగా వచ్చాను. ఇలా సిమ్ రూటర్ పెట్టుకున్నాక బయట ఉన్నప్పుడు ఇంట్లో డెస్క్‌టాప్‌లోకి వెళ్లాలి. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని ఇంట్లో ఒక కంప్యూటర్‌కి పంపే సెట్టింగు) అన్నీ సరిగ్గానే పెట్టాను, రావట్లేదు.

తీగలమారి
రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే బయటి వైపు అడ్రస్, ఎంతుంది? 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతోందా?

గుడ్లగూబ
100.81 తో మొదలవుతోంది.

తీగలమారి
అయితే ఎన్ని పోర్టులు తెరిచినా రాదు. ఆ అడ్రస్‌లు కంపెనీలు లోపల వాడుకోవడానికి 2012లో పక్కన పెట్టినవి. మీరూ, ఇంకా ఎంతోమందీ కలిసి ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక ఉన్నారు. మీ ఇంట్లో రూటర్ మీ కంప్యూటర్లకి చేసే పనే, మీ కంపెనీ మీకు చేస్తోంది. బయటి నుంచి వచ్చే తలుపు మీ చేతిలో లేదు. ఇంట్లోంచే బయటికి కనెక్షన్ కట్టుకునే టెయిల్‌స్కేల్ లాంటివి వాడండి, లేదా రెండు వైపులా ఐపీవీ6 (కొత్త తరహా అడ్రస్ పద్ధతి) ఉంటే దాని మీద ప్రయత్నించండి. రిమోట్ డెస్క్‌టాప్‌ని మాత్రం ఏ రకంగానూ నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దు.

నీలిదీపం
బ్యాకప్ ఛార్జింగ్‌కి మార్చాం. నిన్న సాయంత్రం కాల్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఇక మిగిలింది ప్రింటర్. కరెంటు పోయి వస్తే చాలు, కింద డెస్క్‌టాప్‌లో "ఆఫ్‌లైన్" అని చూపిస్తుంది, ల్యాప్‌టాప్ నుంచి మాత్రం ప్రింట్ వస్తుంది.

రాత్రిషిఫ్ట్
కరెంటు పోయి వచ్చినప్పుడు ప్రింటర్‌కి కొత్త అడ్రస్ పడుతోంది, డెస్క్‌టాప్ పాత అడ్రస్‌కే పంపుతోంది. రూటర్ డీహెచ్‌సీపీ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (ప్రతి డివైస్‌కీ ఉండే హార్డ్‌వేర్ నంబర్) ఎంచుకుని ఒక నంబర్ ఖాయం చేయండి. తర్వాత డెస్క్‌టాప్‌లో ప్రింటర్‌ని తీసేసి ఆ నంబర్‌తోనే మళ్లీ కలపండి.